జాడీ చెవి

గవ్వలదిబ్బకి నేను కాపలా.
ఆర్డరులో ఆ మాట లేదు,
"దినసరి సహాయకుడు" అని ఉంది.
వంశధార సముద్రంలో కలిసేముందు
కాస్త ఒళ్ళు విరుచుకునే చోట
ఇటుకలు, చీమలు, ఒక నీలం బోర్డు.
బోర్డు మీద జరిమానా ఒక్కటే కనబడుతుంది,
మిగతాది ఉప్పుగాలి చదివేసింది.

రెండు వేల ఏళ్ళ కిందట
రోము ఓడలు ఇటొచ్చాయట.
ఓడలే వచ్చాయో, సరుకు చేతులు మారి వచ్చిందో
తేలలేదంది, తవ్విన మేడమ్.
తేలనిదాన్ని తేలలేదని చెప్పిన మనిషిని
ఈ ఉద్యోగంలో ఆవిడనే చూశాను.

దొరికింది పెద్దదేం కాదు,
ద్రాక్షసారా జాడీకి ఒక చెవి.
జాడీ లేదు.
ఎవరు తాగారో, ఎవరి గుమ్మంలో బద్దలైందో.
చెవి ఒక్కటి మిగిలి
గోడౌన్లో, అట్టపెట్టెలో, దూది మీద
నంబరు నూట పద్దెనిమిది.

నా పని తవ్వడం కాదు, నిలపడం.
తవ్వినవాళ్ళకి పేపర్లో ఫొటో,
నిలిపేవాడికి పొద్దున్నే మేకలు.
రావిమొక్క వేలెడుండగానే పీకాలి,
జానెడైతే వేరుతోపాటు గోడా వస్తుంది.
వానకి ముందు టార్పాలిన్, వాన వెలిశాక తూము.
ఆదివారం జంటలు బొగ్గుతో రాసిన పేర్లకి
సోమవారం తడిగుడ్డ.

ఊళ్ళో రొంగలి వారి పశువులశాల గోడలో
నలభై రెండు ఇటుకలు దిబ్బవే.
లెక్క రాసుకున్నాను. అడగలేదు.
తిత్లీ రాత్రి రేకులన్నీ ఎగిరిపోయాయి,
ఆ గోడ చాటున
తొమ్మిది మంది, రెండు గేదెలు తెల్లారారు.

సున్నం కలిపేది గవరమ్మ.
సిమెంటు వద్దని మేడమ్ చెప్పకముందే తెలుసు ఆమెకి.
"సిమెంటు మొండిది బావూ,
పాత ఇటుక పీక నొక్కీసి తనే నిలబడతాది.
సున్నమైతే ఒదిగుంతాది."
మూడు వారాలు నానిన సున్నం,
కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు.
చీమలకి అదే తీర్థం.

కొత్త ఇటుక పెడితే
దాని మీద ఈ సంవత్సరం అచ్చు వెయ్యాలని రూలు.
దాలినాయుడు మేస్త్రికి అది నచ్చదు.
కలిసిపోయేలా కట్టాక
మళ్ళీ ఈ చాటింపేమిటి?
"అతుకు అతుకులాగే కనబడాల,"
అంది గవరమ్మ, గమేళా దించకుండానే.
"పాత కోకకేసిన ముక్క
నానే కోకనని సెప్పుకుంతే నవ్వరేటి?"

తనిఖీకి పెట్టెలు తీసిన రోజు
మేడమ్ భోజనానికెళ్ళింది.
చెవి అడుగున, జాడీకి అతికించేటప్పుడు
పచ్చిమట్టిని అదిమిన
బొటనవేలి గుంట.
గవరమ్మ అక్కడే ఆగిపోయింది.
"ఓపాలి?"
తొడుగుల్లేకుండా తాకకూడదు.
మేకలొచ్చాయేమోనని
నేను బయటికి చూశాను.

పట్టలేదు.
సున్నం తినేసిన ఆ వేలు
గుంట అంచుల మీదే నిలిచిపోయింది.

"సిన్నది బావూ. గుంటడి సెయ్యి.
పన్నెండేళ్ళుంతాయో ఉండవో.
కూలికొచ్చుంతాడు."
వేలు చీరకి తుడుచుకుని,
చాలాసేపటికి,
"కూడు తిన్నాడో నేదో."

రిజిస్టరులో గళ్ళున్నాయి,
పొడవు, మందం, రంగు, స్థితి.
స్థితి దగ్గర "పగిలినది" అని ముందే ఉంది.
రిమార్కుల్లో పెన్సిలుతో
"చిన్న చెయ్యి" అని రాశాను.

తనిఖీ తర్వాత చూస్తే
ఎవరో రబ్బరుతో చెరిపారు.
శుభ్రంగానే చెరిపారు.
కాగితం మీద వేలు పెట్టి తడిమితే
ఒత్తు ఇంకా తగులుతోంది.

ఇవాళ తూర్పున మబ్బు పట్టింది.
టార్పాలిన్‌కి ఒక మూల తాడు లేదు.